తన్నుకునే ఎర

మా బావ వాలుగ కోసం కప్పనే పెట్టేటోడు. వేరే ఎర పెడితే తిట్టేటోడు. సముద్రంల సొర ఎట్లనో మా గోదావరిల వాలుగ అట్ల. పొలుసుండది, నోటినిండ పండ్లు, కదిలేదాన్నే మింగుతది. అందుకని కప్పను తొడకాడ గాలానికి గుచ్చి, సావకుండ చూసుకొని, ఒడ్డు మీదికెల్లి మెల్లగ నీళ్లల్లకు ఇడిసేది. అది తన్నుకుంటుంటే వాలుగ వస్తది. వానపాములు గుచ్చితే జెల్లలు పడ్తయి. కోడిపేగులు పెడితే తాబేళ్లు పీక్కపోతయి.

బావ, నేను శ్రీరాంపూర్‌ల ఒకటే బాయిల బొగ్గు తీసేటోళ్లం. ప్లేడే అంటే మాకు వారానికోసారి సెలవు. ఆ పూట నస్పూర్ అవతల గోదారొడ్డుకు పోవుడే. నేను కప్పను పట్టుకునే తీరు చూసి, "ఏం బామ్మర్దీ, దానికి సూదేస్తున్నవా? జర గట్టిగ పట్టు" అని ఎక్కిరించేటోడు.

ఎనభైలల్ల ఒక ఎండకాలం బాయిల పైబండ కూలింది. బావ, ఆయనతోని జోడీగ పనిచేసేటోడు దాని కింద చిక్కిన్రు. తెల్లారి బావనొక్కన్నే పానంతోని తీసిన్రు. కాలు బాగైనంక మళ్ల ఒడ్డుకొచ్చిండు గని కప్పను ముట్టలే. కోడిపేగులు పెట్టి కూసున్నడు.

"ఏం బావా, తాబేళ్లను సాదుతున్నవా?" అన్న.

"ఊకో" అన్నడు. ఎందుకో ఎవ్వలకూ చెప్పలే. ఆయన గాలానికి మళ్ల వాలుగ పడలే.

కొన్నేండ్లకు బొగ్గుదుమ్ము ఆయన ఊపిరితిత్తులను తిన్నది. ఇగ చేసేదేం లేదని దవఖానోళ్లు ఇంటికి తోలిన్రు. అన్నం ముట్టుడు బందు పెట్టిండు. ఏం తినబుద్దయితుందని అక్క అడుగంగ అడుగంగ ఒకనాడు "వాలుగ పులుసు" అన్నడు. అక్కకు పానం లేచొచ్చింది. వానకాలం, ఏరు నిండుగున్నది, జాలర్లు వలలేస్తలేరు, అంగట్ల చాప లేదు. ప్లేడే నాడు బావను రిక్షల కూసోపెట్టుకొని ముగ్గురం ఒడ్డుకు పోయినం. అక్క ఒక డబ్బల కప్పను తెచ్చింది. పెరట్ల తనే పట్టింది.

"అది వద్దు. పేగులు పెట్టు" అన్నడు బావ.

"పేగులకు ఎన్నడన్న వాలుగ పడ్డదా? కప్ప మీదున్న జాలి నా మీద లేదా నీకు? నాలుగు ముద్దలు తింటవని నేను సస్తున్న."

బావ ఆమె మొఖం చూసిండు. "సరే, పెట్టు బామ్మర్దీ. మీ అక్కతోని గెలుస్తనా నేను?"

కప్పను గుచ్చి నీళ్లల్లకు ఇడిసిన. తంగూసు దారం బావ చేతికిచ్చిన. కప్ప తన్నినప్పుడల్లా దారం ఆయన వేలిని గుంజుతుంది. బావ ముందుకు వంగిండు. ఊపిరి అందుతలేదేమో అని వీపు నిమురబోయిన.

"బండ కింద వాడు గిట్లనే తన్నుకున్నడు" అన్నడు బావ. "వాని కాలు నా కాలు మీద ఉండె. చీకట్ల ఏం కండ్లవడలే. వాడు తన్నుతుంటే బతికున్నడని తెలుస్తుండె. ఆగుకుంట, ఆగుకుంట తన్నిండు. అటెన్క తన్నలే."

అక్క లేచింది. దారం ఆయన చేతులకెల్లి తీసుకొని గుంజింది. గాలం ఊడదీసి కప్పను నీళ్లల్ల ఇడిసింది. అది బతికిందో లేదో నాకు తెల్వదు. పేగులు పెడ్తనంటే, "ఏం వద్దు, ఇంటికి పోదాం పాండి" అన్నది.

పొద్దుగూకంగ పులుసు చేసింది. చింతపండు, మెంతులు, ఎల్లిపాయ, కొత్తిమీర, చాపకు ఏసేటియన్ని ఏసింది. చాప లేదు.

"చాపేది?" అన్నడు బావ.

"ఈదుకుంట పోయింది. తిను."

ఒక ముద్ద నోట్లె పెట్టుకున్నడు. "ముండ్లు లేవు, మంచిగున్నది. మీ తమ్మునికి ఈ తీరు చాపలే పడ్తయి" అన్నడు. అక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. గిన్నె ఊడ్చి తిన్నడు బావ.

తిన్నడు గదా, ఇగ బతుకుతడనుకున్నది అక్క. నేను గూడ అనుకున్న. వారం తిరుగకముందే పోయిండు.