కయ్యాల మావయ్య కెమెరా

మావయ్య ఫొటో తీసే ముందు మనిషితో తగువు పెట్టుకుంటాడు. నవ్వమని చెప్పి ఫొటో తీసే స్టూడియోలు లోకం నిండా ఉండగా, ఎదుటివాళ్లు ముఖం కందగడ్డ చేసుకునేదాకా కెమెరా ముట్టని మనిషి తనకే మేనమామ కావాలా అని మేనకోడలి మంట. ఆమె మంటలోనూ న్యాయముంది. తగువు పెట్టుకోవడం ఆయన వంతు. కంప్యూటర్ ముందు కూర్చుని ముడిపడ్డ కనుబొమలు విప్పడం, ఉబ్బిన ముక్కుపుటాలు తగ్గించడం ఆమె వంతు. తను మాత్రం ఆ కెమెరా ముందు కూర్చున్న పాపాన పోలేదు.

దర్జీ వస్తే, ఈ రోజుల్లో కాజా కుట్టడం ఎవరికొచ్చులే అన్నాడు. దర్జీ మెడలోని టేపు పీకి కొరడాలా పట్టుకున్నాడు, ఫొటో పడింది. పళ్ల డాక్టరు వస్తే, పట్టకారుంటే పన్ను ఎవరైనా పీకుతారు అన్నాడు. ఆ ఫొటోలో డాక్టరు కొరకడానికి వస్తున్నట్టున్నాడు. అది క్లినిక్‌లో పెడితే ఉన్న రోగులు కూడా పారిపోతారని డాక్టరు పెట్టిన కేకలకు క్షమాపణ చెప్పుకున్నది మేనకోడలే.

"ఒక్కసారి నవ్వమంటే నీ సొమ్మేం పోయింది మావయ్యా?"

"నవ్వమంటే పళ్లు చూపిస్తారే. మనిషి కనబడడు."

ఇలా ఉండగా రిటైరైన లెక్కల టీచరమ్మను ఆమె కూతురు తీసుకొస్తానంది. పక్షవాతం వచ్చి తగ్గాక టీచరమ్మ నోరు ఒక పక్కకు వంకరపోయింది. అప్పటినుంచీ ఆవిడ నలుగురిలో నోరు విప్పడం మానేసింది. గోడ మీదున్న తన పాత ఫొటోలన్నీ తనే తీసి బీరువాలో పడేసింది. కూతురు బతిమాలగా బతిమాలగా ఈ ఒక్కసారికి ఒప్పుకుంది. ఇది చెడితే ఆవిడ మళ్లీ గడప దాటదు.

మేనకోడలు ముందే హెచ్చరించింది. ఇవాళ నోరెత్తితే కెమెరా లాక్కుంటానంది, వంకర సంగతి కంప్యూటర్లో తను చూసుకుంటానంది. మావయ్య బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం చూసినప్పుడే ఆమెకు అనుమానం రావాల్సింది.

టీచరమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అందరూ పసిపిల్లను బుజ్జగించినట్టు మాట్లాడారు. ఆవిడ రాయిలా కదల్లేదు. మావయ్య లైటు సర్దుతూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు.

"లెక్కల్లో ఏముందండీ. బట్టీ పడితే చాలు."

మేనకోడలు కెమెరా లాక్కోబోయింది, అంతలోనే టీచరమ్మ చేతిరుమాలు కిందపడింది. ఆవిడ లేచి నిలబడి, వేలెత్తి, ఎవడు చెప్పాడు నీకు, బట్టీ పట్టినవాడికి లెక్క మారిస్తే ఏం చేస్తాడు, అని మొదలుపెట్టి మావయ్యను నిలబెట్టి కడిగేసింది. మాటలు తడబడ్డాయి, అయినా ఆగలేదు. మావయ్య చీవాట్లు తింటూనే ఫొటోలు తీసుకున్నాడు.

తెర మీద నోరు వంకరగానే ఉంది. కానీ క్లాసు మొత్తాన్నీ గడగడలాడించే మనిషి అందులో ఉంది. మేనకోడలు హడావిడిగా మౌస్ అందుకుంది.

"చెయ్యి తియ్యి," అంది టీచరమ్మ. "ఆ నోటితోనే చెప్పాను. ఆయనకి అర్థమైంది. అలాగే ఉండనీ."

వెళ్తూ వెళ్తూ కూతురు మేనకోడలి చెవిలో అసలు సంగతి చెప్పింది. అమ్మకు ఏమంటే ఒళ్లు మండుతుందని మావయ్య మొన్నే ఫోన్ చేసి అడిగాడట. జబ్బు చేశాక అమ్మతో వాదించిన మనిషే లేడట, అందరూ సరే సరే అనడమేనట. దర్జీ భార్యకూ, డాక్టరు తమ్ముడికీ కూడా ఇలాగే ఫోన్ చేశానని ఆయనే చెప్పాడట.

మేనకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా లోపలికి వెళ్లింది.

"ఊళ్లో అందరికీ నీ తరఫున క్షమాపణలు చెప్పుకు చచ్చాను. నువ్వు వాళ్ల మంచికే చేస్తున్నావని నాకొక్క మాట చెబితే నోరు పడిపోతుందా?"

కెమెరా క్లిక్‌మంది.

ఆమె ఆ ఫొటో తెరిచింది. ముడిపడ్డ కనుబొమలు, ఉబ్బిన ముక్కుపుటాలు. అలవాటు కొద్దీ మౌస్ పట్టుకుంది. కాసేపు తన ముఖం తనే చూసుకుని, వదిలేసింది.

"జుట్టన్నా సర్దుకోనివ్వలేదు. ఇంకోటి తియ్యి," అంది స్టూలు మీద కూర్చుంటూ.

"కోపం పోయింది కదే. ఇప్పుడెలా తియ్యను?" అని మావయ్య దిగులుపడ్డాడు.