పంతులుగారి ష్యూ

తాడేపల్లిగూడెంలో తహసీల్దారు ఆఫీసు గోడవారగా, రేకుల పంచలో కూర్చుని నలభై రెండేళ్లుగా అర్జీలు టైపు కొడుతున్న దత్తాత్రేయులుగారికి ఒక నియమం ఉంది. కొట్టిన అర్జీని ఇంగ్లీషులోనే గొంతెత్తి చదివి వినిపించాకగాని ఎవరిచేతా సంతకం పెట్టించరు. వినేవాడికి ఇంగ్లీషు ముక్క రాకపోయినా సరే. గుడిలో మంత్రాలు అర్థమయ్యే దణ్ణం పెడుతున్నామా అని ఆయన వాదన.

ఆ చదువులో ఒక మాట దగ్గర ఆయన ఆగేవారు. కళ్లజోడు సర్దుకుని "ష్యూ!" అనేవారు. ఎదుటివాడు తనకు తెలియకుండానే చేతులు జోడించేవాడు. ఎస్, హెచ్, ఇ, డబ్ల్యూ. ఏలూరులో టైపు నేర్పిన గురువు చలపతిరావుగారు తన పాత అర్జీల పుస్తకంలోంచి తీసి ఇచ్చిన మాట అది. తమకు చూపి మనవి చేసుకునేదేమనగా అని అర్థం. షో అంటే సినిమాహాల్లో ఆడేది, ష్యూ అంటే సర్కారుకు చూపేది అని దత్తాత్రేయులుగారి సిద్ధాంతం. రోజుకు ఇరవై అర్జీలు కొడితే ఇరవైలోనూ అది ఉండాల్సిందే.

కోడలు నాగశ్రీ తణుకులో ఇంగ్లీషు టీచరు. గూడేనికి బదిలీ కోసం రెండేళ్లుగా అర్జీలు పెడుతోంది, అవి తిరిగివస్తున్నాయి, ఆమె బస్సులో నలుగుతోంది. మామగారి వ్యవహారంలో ఏనాడూ వేలుపెట్టని పిల్ల, ఒక ఆదివారం పెసరట్టు వడ్డిస్తూ బల్లమీది కార్బన్ కాపీ చూసి నోరు జారింది.

"మావయ్యగారూ, తప్పని కాదండీ. షో అనే మాటనే పూర్వం ఇలా రాసేవారు. ఇప్పుడెవరూ రాయడం లేదండీ."

"పాతదైతే మంచిదేగా అమ్మా. ష్యూ అంటే ఎంత నిండుగా ఉంటుంది!"

"పలకడం కూడా షో అనేనండీ," అంది నాగశ్రీ నెమ్మదిగా.

పెసరట్టు ముక్క ఆయన చేతిలోనే ఉండిపోయింది. రాత పాతదంటే ఓర్చుకునేవారే. నలభై రెండేళ్లు ఊరందరి ముఖానా తప్పు కేకేశానన్న సంగతే మింగుడుపడలేదు. సిగ్గుతో చట్నీ కూడా అడగలేదు. రేపటి నుంచి సరిగా చదవాలి, అదీ చేతకాకపోతే మిషను మూసెయ్యాలి అని తీర్మానించుకున్నారు.

సోమవారం మొదటి బేరం పెంటపాడు రైతు అబ్బాయిరాజుగారు. పూడిపోయిన బోదె తవ్వించకపోతే ఆయన శివారు చేలకు నీరందదు. నాట్లు ఊడ్చిన చేలు అప్పుడే బీటలు తీస్తున్నాయి. దత్తాత్రేయులుగారు గుండె రాయి చేసుకుని షో అని కొట్టారు. చదివేటప్పుడు కరిచే కుక్క ఉన్న వీధి దాటినట్టు ఆ మాట గబగబా దాటేశారు. దణ్ణానికి సిద్ధంగా చేతులు లేపిన రాజుగారు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయారు. అర్జీ అయిపోయింది.

"ఏవండీ పంతులుగారూ, ష్యూ రాలేదేంటండీ?"

"అది షో అటండీ రాజుగారూ. ఇన్నాళ్లూ తప్పు చదివాను. మా కోడలు చెప్పింది."

రాజుగారు సంతకానికి తీసిన కలం కింద పెట్టేశారు. "నా పెళ్లికి కంట్రోలు పంచదార అర్జీలో ష్యూ అన్నారు, పంచదార వచ్చింది. మా నాన్నగారి పాసుపుస్తకానికి ష్యూ అన్నారు, పుస్తకం వచ్చింది. తప్పు చదివి ఇన్ని తెప్పించారు కదండీ. ఇప్పుడు ఒప్పు చదివి నా చేలు ఎండబెడతారాండీ?"

దత్తాత్రేయులుగారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మిషనులో కొత్త కాగితం ఎక్కించారు. ఈసారి ష్యూ రోడ్డవతల జిరాక్సు కొట్టు దాకా వినిపించింది. రాజుగారు దణ్ణం పెట్టి సంతకం చేశారు.

వారం తిరక్కుండా బోదెలో పొక్లెయిన్ దిగింది. అది ముందే మంజూరైన పని అని ఇంజనీరు ఎంత చెప్పినా పెంటపాడులో ఒక్కరూ నమ్మలేదు.

పొక్లెయిన్ దిగిన సాయంత్రమే నాగశ్రీ బస్సు దిగి నేరుగా పంచలోకి వచ్చింది. చేతిలో మూడోసారి తిరిగివచ్చిన బదిలీ అర్జీ.

"మావయ్యగారూ, ఇది మీ మిషను మీద కొట్టిపెడతారాండీ?"

"కొత్తగానా అమ్మా, పాతగానా?"

"పాతగానేనండీ."

ఆయన కొట్టి, కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు టీచరు హ్యాండ్‌బ్యాగు భుజం మీదికి నెట్టుకుని, రెండు చేతులూ జోడించింది.