సున్నాకి దగ్గరగా ఉన్న మైకు

కొత్తపేటలో మా మైకుసెట్టు బాబాయిగారు పోయారని మంగళవారం మధ్యాహ్నం ఎస్టీడీ బూత్ ఆయన వచ్చి చెబితే, "నిన్న సాయంత్రమేగా నన్ను తిట్టేరు" అన్నాను. అంతకన్నా తెలివైన మాట రాలేదు. ముందురోజు తిట్టినవారు మర్నాడు పోవడం పద్ధతి కాదని నా అభిప్రాయం. పదిహేను రోజులైంది, అభిప్రాయం మార్చుకోలేదు. మేమిద్దరం పనిచేసే కొట్లో కుర్చీలో కూర్చుని, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా వెళ్ళిపోయారట. అది వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అందుకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

దినకార్యం రోజున హాల్లో సంతాపసభ అనుకున్నాం. పిన్నిగారు, అంటే ఆయన భార్య, నన్ను పిలిచి, "నేనూ రెండు ముక్కలు మాట్లాడతాను బాబూ. వెనకాలవాళ్ళకి వినపడాలి" అన్నారు. ఆ మాటే నాకు సగం వినపడింది. ఆవిడ గొంతు చేతి దూరం దాటి పోదు. ఏ మైకు పెట్టాలో అడుగుదామంటే, అడగాల్సిన మనిషి ఫొటోలో ఉన్నారు.

మైకుల సంగతిలో నేను పండితుణ్ణి. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్, అమలాపురం. రెండేళ్ళ కిందట రాజమండ్రి నుంచి కొత్త మైకు తెచ్చి, అట్టపెట్టె మీది అంకె చూపించి, "మీ పాతది మైనస్ డెబ్భై నాలుగు, ఇది మైనస్ యాభై నాలుగండి. సున్నాకి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ పట్టుకుంటుంది. ఇరవై డెసిబెల్స్ లాభం" అని ఉపన్యసించాను.

"ఆయ్, అలాగాండీ డిగ్రీగారూ" అన్నారు బాబాయిగారు. టేబుల్ మీద టైంపీసు పెట్టి, దానికి ఒకే దూరంలో రెండు మైకుల్నీ ఉంచి, ఒకదాని తర్వాత ఒకటి అదే ఏంప్లిఫయర్‌కి తగిలించారు. అలారం మోగింది. మీటరు ముల్లు రెండుసార్లూ ఒకే గీత దగ్గర ఆగింది. నా మొహం ఎక్కడ ఆగిందో చెప్పను.

"అంకె కింద చిన్నక్షరాలు చదివేవా? పాతదాన్ని మైక్రోబార్ లెక్కన కొలిచేరు, కొత్తదాన్ని పాస్కల్ లెక్కన. గాలి ఒత్తిడికి వాడే ఆ రెండు కొలతలకీ మధ్య ఉన్న తేడాయే నీ ఇరవై. నీ కొబ్బరితోట ఎకరాల్లో చెప్పి, నా తోట సెంట్లలో చెప్పి, అంకె చూసి నాదే పెద్దదంటే ఊరుకుంటావేంటయ్యా?"

"పోనీ, ఎక్కువ పట్టేదే మంచిదా అండి?"

"ఎవరికి మంచిది? ఎంత చప్పుడికి ఎంత కరెంటు ఇస్తుందో చెబుతుందది, అంతే. అరిచే ఆయనకి ఎక్కువ పట్టే మైకిస్తే గరగరే. మనిషిని విని మైకు తియ్యాలి."

విని తియ్యడమంటే అక్షరాలా అదే. సభకి ఎవరొచ్చినా ఎదురెళ్ళి, "భోజనం చేసేరాండీ?" అని అడిగేవారు. ఎంత మర్యాదస్తుడో అని ఊరంతా మెచ్చుకునేది. ఆయనకి జవాబుతో పనిలేదు, గొంతుతోనే పని. ఓసారి ఒక నాయకుడు "ఇంకా లేదండి" అంటే, "ఆయ్" అని తక్కువ పట్టే మైకు తెచ్చి బిగించేశారు. ఆ నాయకుడు ఆకలితోనే మాట్లాడాడు.

దినకార్యం నాడు బాబాయిగారి పెట్టె తెరిచాను. అందులో ఇంకో మైకు ఉంది, కాగితం మీద మైనస్ నలభై. చిన్నక్షరాలు మూడుసార్లు చదివాను. పాస్కలే. అదే పెట్టాను. అది ఫ్యాన్ల హోరు కూడా పట్టేస్తుందని ఫ్యాన్లు ఆపించాను. ఉక్కకి తట్టుకోలేక ఓ పెదనాన్నగారు, "ఈ డిగ్రీ కుర్రాడు మనల్నీ పంపించేసేలా ఉన్నాడు" అన్నారు. స్పీకర్ల చప్పుడు మళ్ళీ మైకులో పడి కూత రాకుండా వాటిని ముందుకు జరిపి, సరిగ్గా ఉందాండీ అని అడగడానికి వెనక్కి తిరిగాను. వెనకాల గోడ ఉంది.

అప్పటికే నలుగురు పెద్దలు మామూలు మైకులో మాట్లాడేశారు. జనం లేస్తున్నారు. పిన్నిగారు మైకు ముందుకొచ్చి నిలబడ్డారు.

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేసేనండి" అన్నారు, ఇంట్లో మాట్లాడినంత మెల్లిగానే. "నా మాట ఎవరికీ వినపడదు. ఆయన ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడమనలేదండి. దగ్గరికొచ్చి వినేవారు."

గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు, ఒక కాలికి చెప్పు, రెండో కాలు గాల్లో, అలాగే ఆగిపోయారు.