బురుజు ఎత్తులో తప్పిపోయిన నిలువు

పదో తరగతి పిల్లలకు త్రికోణమితి ఎంత చెప్పినా ఎక్కడం లేదని, ఇవాళ వాళ్లను మా ఊరి గడీ దగ్గరికి, అంటే దొరల పాత కోట దగ్గరికి తీసుకెళ్లాను. బురుజు కొస నలభై ఐదు డిగ్రీల కోణంలో కనిపించేదాకా వెనక్కి నడిచి ఆగాను. అక్కడి నుంచి గోడకు ఆరున్నర మీటర్లు. “దూరమెంతో ఎత్తూ అంతే!” అని గొప్పగా ప్రకటించాను.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న మల్లమ్మవ్వ పకపకా నవ్వింది. ఎనభై దాటిన మనిషి.

“ఒక నిలువు తక్కువైంది సారూ. గా బురుజు ఐదు నిలువులు.”

నిలువంటే మనిషెత్తు. “నీకెట్ల తెలుసవ్వా?” అన్నాను.

“గీ గడీల రజాకార్లున్నప్పుడు, వాళ్ల మీద కొట్లాడే సంగపోళ్లకు బురుజెక్కనీకి నిచ్చెన కొలత గావాలె. తక్కువైతే మనోళ్లు సగంల దొరికిపోదురు. నేను చిన్నపోరిని. గడీకి వీపు పెట్టి వంగి, కాళ్ల సందులకెల్లి చూసిన. కొస కనబడ్డ కాన్నుంచి గోడదాంక అడుగులు లెక్కబెట్టిన. పోరి ఆడుకుంటాందని రజాకార్లు నవ్విన్రు. నిచ్చెన సరిగ్గ సరిపోయింది! నువ్వు నిలబడి చూసినవ్. మరి నీ నిలువు ఎవరు కలుపుతరు?”

నిజమే. అలా వంగి చూసినా కొస దాదాపు నలభై ఐదు డిగ్రీల్లోనే కనిపిస్తుంది, కన్ను మాత్రం నేలకు దగ్గరగా ఉంటుంది. నిలబడి చూసిన నేను, నా ఎత్తు కలపడం మరిచాను.

వెంటనే పిల్లలంతా గడీకి వీపు పెట్టి వంగారు. నేనూ వంగాను. సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టర్ గారు వచ్చారు. తలకిందులుగానే నమస్తే పెట్టాను.

మీ ఊళ్లో ఇలాంటి అవ్వ ఉంటే చెప్పండి. ఈసారి పిల్లల్ని తీసుకురాను, నేనే వచ్చి చదువుకుంటాను.