దొరసామయ్య గారు వేసిన ఆకు

తిరుత్తణి హైస్కూలులో చరిత్ర చెప్పి రిటైరైన దొరసామయ్య గారు మొన్న శుక్రవారం కన్నుమూశారని మద్రాసులోని మా డెస్కుకు ఫోను వచ్చింది. పదిహేనేళ్ళు ఆయన వ్యాసాలు దిద్దినవాణ్ణి. ఆ నాలుగు ముక్కల వార్త రాయడానికి మాత్రం కలం సాగలేదు.

ఆయన పట్టు ఒక్కటే. సైన్యం గద్దెనెక్కిన పొరుగు దేశాలను మనం వెలివేయకూడదు, వాటి మీద దండెత్తకూడదు. ఎన్నికలు జరిపిన రోజు నుంచి మన వ్యాపారంలో, మన కాలేజీల్లో, మన సరిహద్దుల్లో వారికి ఏ సౌకర్యాలు దక్కుతాయో ముందే బహిరంగంగా చెప్పాలి. చెప్పిన మాట నిలుపుకోవాలి. "పెండ్లి పంక్తిలో ముందే ఆకేసి పెట్టాల. వచ్చి కూర్చునేది వాళ్ళిష్టం" అనేవారు.

ఈ మాటే రాసి పంపిన ఒక వ్యాసానికి నేను "పొరుగువారికి తాయిలం" అని శీర్షిక పెట్టాను. చురుకుగా ఉందనుకున్నాను. మర్నాడు పొద్దుటి రైలుకే ఆయన ఆఫీసులో దిగారు.

"తాయిలం ఏడ్చే బిడ్డకిస్తారు నాయనా, నోరు మూసేదానికి. ఆకు మనిషికేస్తారు. ఆకు ముందర కూర్చున్నోడు ఇంకో గరిటె అడగొచ్చు, ఉప్పు చాల్లేదనొచ్చు. సవరణ వెయ్యి."

ఒక్క మాటకు సవరణేమిటని ఎడిటరు నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటినుంచి ఏ విషయం మీద వ్యాసం పంపినా, చివర "తాయిలం కాదు, ఆకు" అని రాసేవారు. ప్రతిసారీ ఆ వాక్యం కొట్టేసేవాణ్ణి.

ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన ఎదురింటి అంగడి సెట్టి ఎగతాళి పట్టించాడు. "మనింట్లోనే ఎలక్షన్ యాడుంది అయ్యవారే? పక్కింటోళ్ళకి ఆకేస్తా ఉండారే."

"నిజమే సెట్టీ. ఇప్పుడు మన ఆకు గూడా ఎత్తేసినారు. మనమూ పందిలి బయట నిలబడి అడగాల్సిందే."

ఆ మాటనే వ్యాసంగా రాసి పంపారు. సెన్సారు దాటదని నేను తిప్పి పంపాను. ఆయన దాన్ని ఆ అంగడి ముందే నిలబడి పైకి చదివారు. అందుకు ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. క్షమాపణ రాసిస్తే తిరిగి తీసుకుంటామన్నారు. "రాస్తాను. తప్పు యాడుందో చూపియ్యండి" అని ఖాళీ కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఎన్నికలు వచ్చాక ఓటు వేసి, సిరా గుర్తున్న వేలు చూపించి, "ఆకేసినారు సెట్టీ" అన్నారట. ఉద్యోగం ఆ తర్వాతే తిరిగొచ్చింది. ఇది సెట్టే నాకు చెప్పాడు, ఈసారి ఎగతాళి లేకుండా.

ఆయనది పగటికల అనేవారు ఇప్పటికీ ఉన్నారు. పొరుగున యూనిఫారాలు గద్దె దిగాయా అని అడుగుతారు. దిగలేదు. మనం ఏనాడైనా ఆకు వేసి చూశామా? వేయకుండా, ఎవరూ రాలేదని తీర్పు చెప్పే హక్కు మనకెక్కడిది? ఒక మాట కోసం అలా నిలబడే మనిషి మా పత్రికకు మళ్ళీ దొరకడు.

ఇవాళ ఈ పేజీకి నేనే ఎడిటర్ని. చివరి వాక్యం కొట్టేసేవారు లేరు.

సవరణ: పదిహేనేళ్ళ కిందట ఈ పత్రికలో నేను పెట్టిన శీర్షికలో "తాయిలం" అన్నది తప్పు. "ఆకు" అని చదువుకోవాలి.