రెండో పక్క

మాదాపూర్‌లో మా కొలతల ల్యాబుకు ఆయనే పెద్దసారు. ఏది చేతికిచ్చినా ముందు రెండు వేళ్లతో దాని రెండు పక్కలూ పట్టుకుని చూసేవారు. యంత్రభాగం సరే, ఫోను, చాయ్ గ్లాసు, ఆఖరికి బిస్కెట్టు కూడా. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

నేను చేరిన కొత్తలో, ఒక ఉక్కు దిమ్మలో కోసిన గాడి సరిగ్గా నడుమన లేదని తేల్చి వెనక్కి పంపమన్నాను. ఆయన నా కొలతలున్న స్క్రీన్ చూశారు.

"ఏందమ్మా, ఒక్క పక్క నుంచే కొలిచినవ్? డ్రాయింగుల రెండు పక్కల నడిమి నుంచి చూడుమన్నరు. ఆ పక్క గూడ కొలువు."

కొలిచాను. దిమ్మ వెడల్పే కాస్త ఎక్కువ, అదీ ఒప్పుకున్న మేరలోనే. గాడి సరిగ్గా నడుమనే ఉంది.

ఒక సాయంత్రం కొత్తగూడలో చాయ్ తాగుతూ, తనను విడిచి వెళ్లిన భార్య సంగతి ఆయనే ఎత్తారు. ఆమె కోపం, ఆమె అన్న మాటలు, ఆమె పుట్టింటివాళ్లు. వింటుంటే నాకు ఒళ్లు మండింది.

"ఎంత అన్యాయం సార్ మీకు," అన్నాను.

 ఆయన గ్లాసును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూశారు.

"అట్ల అనకమ్మా. ఇదంత నా పక్క నుంచే గద చెప్తున్న."