అడుగు కాయ

నరసరావుపేటలో నేను మొదట వెబ్‌సైట్లు చేసిన ఆఫీసుకు యజమాని మా సార్. అంతకుముందు ఆయన మిర్చి కొనేవారు. గోతం పైన చూసేవారు కాదట. భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాయ తీసి విరిచేవారట. ఏఐ రాసిన కోడ్‌నీ అలాగే చివరి లైను నుంచి పైకి చదివేవారు.

"పైన ఎప్పుడూ మంచి కాయే పోస్తార్రా," అనేవారు.

ఒకసారి ఒక స్కూలు అడ్మిషన్ ఫారం ఏఐతో చేయించి, "అంతా పనిచేస్తంది సార్," అన్నాను. ఏఐ నాతో అన్నమాటే అది. తెల్లారితే తల్లిదండ్రులు నింపాలి. సార్ కోడ్ అడుగుకు వెళ్లారు. బటన్ నొక్కితే 'మీ దరఖాస్తు అందింది' అని వస్తోంది. అందిన దరఖాస్తు ఎక్కడా సేవ్ కావడం లేదు.

"ఏందిరా ఇది?" అన్నారు.

ఏఐ క్షమాపణ చెప్పింది. నేను చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక రాజీనామా లెటర్ కూడా ఏఐ చేతే రాయించాను. 'పని మీ దగ్గరే నేర్చుకున్నాను' అన్న మొదటి వాక్యం ఒక్కటే నా సొంతం. సార్ కిందనుంచి మొదలుపెట్టారు. సంతకం చోట 'ఇక్కడ మీ పేరు రాయండి' అని ఉంది. పెన్ను నా చేతికిచ్చారు.

అంతకంటే పైకి చదవలేదు.